లస్సాద్ పేరుతో వెళ్ళిన ఉత్తరం

"నేను రాయలేదు" అన్నాడు లస్సాద్ మూడోసారి.

పెద్ద పళ్ళెం మధ్యలో చేప అలాగే ఉంది. కుస్‌కుస్ రవ్వ మీద పులుసు పోసి పావుగంటయింది, ఎవరూ చెంచా ముంచలేదు. శుక్రవారం మధ్యాహ్నం ఆ ఇంట్లో అందరూ పళ్ళెం చుట్టూ చేరి తినకుండా కూర్చోవడం, దోర్సాఫ్ మామగారు చనిపోయినప్పటి తరవాత మళ్ళీ ఇదే.

"నువ్వు రాయకపోతే ఉత్తరం దానంతటది రాసుకుందా?" అంది వీదెద్. లస్సాద్ కంటే నాలుగేళ్ళు పెద్దది. ఉన్నత పాఠశాలలో లెక్కలు చెబుతుంది. ఇంట్లో కూడా లెక్క తేలేదాకా ఎవర్నీ లేవనివ్వదు. తమ్ముడి ఫోను ఆమె చేతిలోనే ఉంది. "ఇదిగో. నీ మెయిల్ నుంచే వెళ్ళింది. 'కుటుంబ కారణాల వల్ల నా దరఖాస్తు వెనక్కి తీసుకుంటున్నాను.' మార్చి మూడు, మంగళవారం, పొద్దున పది నలభై. కుటుంబ కారణాలట! మన కుటుంబానికి ఏం రోగం వచ్చిందిట?"

లస్సాద్ రొట్టెముక్క తుంచి, నోట్లో పెట్టుకోకుండా పళ్ళెం అంచున పెట్టాడు.

దోర్సాఫ్ తన భర్త లస్సాద్ మొహంలోకి చూసింది. అతను తన వైపు చూస్తాడేమోనని చూసింది. చూడలేదు.

మూడు వారాలుగా ఆ ఇంట్లో ఒకటే మాట. జపానులో తొంభై రోజులు. అక్కడి ప్రయోగశాలలో కూర్చుని వాళ్ళ పరికరాల మీద పనిచేసి రావచ్చు. ఇక్కడి నుంచి ఒక్కరికే చోటు. ఒకే గదిలో, పక్కపక్క బల్లల మీద పరిశోధన చేసుకుంటున్న మొగుడూ పెళ్ళాం ఇద్దరూ దరఖాస్తు పెట్టారు. లస్సాద్ వెళ్తాడని అందరూ అనుకున్నారు, దోర్సాఫ్ కూడా. తీరా వచ్చింది ఆమె పేరు. అతను నవ్వుతూ అందరికీ బాదం షర్బత్ పోశాడు.

తన శిష్యుడి పేరు ఎందుకు రాలేదో వాళ్ళ ఆచార్యురాలు రౌదా మేడమ్‌కి అంతుపట్టలేదు. ఊరుకోక జపాను కార్యాలయానికి రాసి అడిగింది. ఈ పొద్దున జవాబు వచ్చింది. 'ఆయన తనంతట తానే తప్పుకున్నారు. ఆయన ఉత్తరం జతపరుస్తున్నాము.'

"నీ మెయిల్ ఎప్పుడూ ముందుగది కంప్యూటర్లో తెరిచే ఉంటుంది" అంది వీదెద్. "ఎవరు కూర్చుంటే వాళ్ళు రాయొచ్చు. ఆ మంగళవారం నువ్వెక్కడున్నావు?"

"ప్రయోగశాలలో."

"నేను బళ్ళో. అమ్మకి ఇంగ్లీషు అక్షరం రాదు. ఇక ఇంట్లో ఎవరున్నారు?"

అడగవలసిన పనే లేదు. ఆ మంగళవారం దోర్సాఫ్‌కి నూట రెండు జ్వరం. రెండు దుప్పట్లు కప్పుకుని పడుకుంది. అత్తగారు షెద్లియా గంటకోసారి వచ్చి నుదురు తాకి చూసి, శనగల పులుసులో రొట్టె నానబెట్టి తినిపించి వెళ్ళింది. ఇంటిల్లిపాదికీ తెలిసిన సంగతే.

"నేను మంచం దిగలేదు వదినా" అంది దోర్సాఫ్. అంతలో ఏదో గుర్తొచ్చింది. "ఆ రోజు గేటు చప్పుడు విన్నాను. మగతలో ఉన్నాను గానీ విన్నాను. నువ్వేమైనా మధ్యలో బడి నుంచి ఇంటికొచ్చావా?"

ఆ ప్రశ్న వేయకుండా ఉంటే బాగుండేదని వేసిన మరుక్షణమే తెలిసింది.

"ఓహో, నా మీదకే తోస్తున్నావా?" వీదెద్ ఫోను బల్ల మీద బోర్లించింది. "ఆ రోజు పరీక్షలు తల్లీ. ఎనిమిదింటి నుంచి పన్నెండు దాకా నలభై మంది ముందు కర్రలా నిలబడ్డాను. కావాలంటే మా హెడ్మాస్టర్ని అడుగు. వాడు తప్పుకుంటే నాకేం ఒరుగుతుంది? జపాను రమ్మన్నది నన్ను కాదుగా!"

"అక్కా, చాలు" అన్నాడు లస్సాద్ నెమ్మదిగా. "నేను ఎవర్నీ అనలేదు."

ఆ మాట దోర్సాఫ్‌కి వీదెద్ మాటల కంటే లోతుగా దిగింది. 'నా భార్య అలాంటిది కాదు' అనొచ్చు. నాలుగు ముక్కలు. అతను అనలేదు.

"చల్లారిపోతోంది, తినండి" అంది షెద్లియా. ఎప్పటిలాగే చేప వెన్నుముల్లు తీసి, మెత్తటి ముక్క కొడుకు వైపు జరిపింది. దోర్సాఫ్ వైపు ఏమీ జరపలేదు. రెండేళ్ళ కాపురంలో అలా జరగడం మొదటిసారి.

* * *

గిన్నెలు కడుగుతుంటే అత్తగారు వచ్చి పక్కన నిలబడింది.

"బిడ్డా, నన్ను చూడు."

దోర్సాఫ్ చూసింది.

"చదువుకున్న పిల్లవి. ఆశ పుట్టింది. ఆశ ఎవరికి పుట్టదు? చేస్తే చేశానని నాతో చెప్పు. వాడికి నేను సర్దిచెప్పుకుంటాను. కడుపులో పెట్టుకుని విమానం ఎక్కితే మాత్రం అది నిన్ను అక్కడ అన్నం తిననివ్వదు."

"అత్తయ్యా, దేవుడి మీద ఒట్టు. నేను రాయలేదు."

"ఒట్లు వద్దమ్మా" అంది షెద్లియా. గుడ్డ తీసుకుని, దోర్సాఫ్ అప్పుడే తుడిచిన గిన్నెనే మళ్ళీ తుడవడం మొదలుపెట్టింది. "ఒట్టు వేసినవాళ్ళని నమ్మకపోతే నాకు పాపం."

వీదెద్ తిడితే తిరిగి తిట్టొచ్చు. ఈ మెత్తదనాన్ని తిట్టడానికి లేదు. మరి రాసిందెవరు? అత్తగారికి కొడుకు దూరదేశం వెళ్ళడం మొదటినించీ ఇష్టం లేదు. ఆమె అడిగితే వీదెద్ కాదంటుందా? నలభై మంది ముందు నిలబడితేనేం, చేతిలో ఫోను లేదా?

ఛీ, అనుకుంది. ఒక్క పూటలో తనకీ ఆ చూపే అబ్బింది. ఇంట్లో ప్రతి మొహం మీదా మసి వెతుకుతోంది.

* * *

శనివారం పొద్దున దోర్సాఫ్ ఒక్కతే ప్రయోగశాలకి వెళ్ళింది. మామూలుగా ఇద్దరూ ఒకే మోటారు సైకిలు మీద వెళ్తారు. "నువ్వు పద, నాకు పనుంది" అన్నాడు లస్సాద్. ఏం పనో చెప్పలేదు. ఆమె అడగలేదు. తెనియూర్ రోడ్డు మీద టాక్సీ కోసం ఇరవై నిమిషాలు నిలబడింది.

ప్రయాణం ఇంకా పన్నెండు రోజులుంది. బల్ల ముందు కూర్చోగానే జపాను నుంచి ఉత్తరం కనబడింది. అక్కడ ఆమె పనికి పెద్ద అయిన హిసనాగా గారు స్వయంగా రాశారు.

'మీ రాక కోసం ఎదురుచూస్తున్నాము. మీ వ్యాసంలోని పద్నాలుగో వరస గొట్టాలు మిగిలినవీ, వాటి అసలు కొలతలు రాసిన నోటుబుక్కూ మీతో తప్పక తీసుకురండి. మా పని మొదలయ్యేదే వాటితో. ముందు మేము ఎంచుకున్న మీ భర్తనూ మార్చి రెండున ఇదే కోరాను. మరునాడే ఆయన తప్పుకున్నారు. మీ కుటుంబంలో అందరూ కులాసాయే కదా?'

దోర్సాఫ్ ఆ చివరి మూడు వాక్యాలూ మళ్ళీ చదివింది. మార్చి రెండు. మరునాడే.

వాళ్ళిద్దరి పనీ మట్టి గొట్టాల మీదే. దక్షిణాన కొండల నుంచి తెచ్చిన మట్టిని గొట్టాలుగా చేసి, కొలిమిలో కాల్చి, ఆలివ్ నూనె మిల్లుల నుంచి వచ్చే నల్లనీళ్ళని వాటిగుండా పంపి తేర్చడం. పదమూడు వరసలు కాల్చారు. బురదనీళ్ళ కంటే కాస్త మెరుగు, అంతే. పద్నాలుగో వరసకి మాత్రం నీళ్ళు గాజులా వచ్చాయని లస్సాద్ చెప్పాడు. ఆ రోజు ముందుగదిలో అతను నోటుబుక్కు చూసి అంకెలు చదువుతుంటే, దోర్సాఫ్ తన కంప్యూటర్లో టైపు చేసి గ్రాఫులు గీసింది. ఇద్దరి పేర్లతో వ్యాసం అచ్చయింది. జపానువాళ్ళ కళ్ళు పడింది దాని మీదే.

గొట్టాల అలమర తెరిచింది. ఒకటి నుంచి పదమూడు దాకా పెట్టెలున్నాయి. పద్నాలుగు లేదు.

"హ్మీదా బాబాయ్, పద్నాలుగో వరస పెట్టె ఎక్కడైనా పెట్టావా?"

హ్మీదా ఇరవై ఆరేళ్ళుగా ఆ కొలిమిని కాస్తున్నాడు. కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టాడు. "పద్నాలుగా? నా చేత పదమూడే కాల్పించారుగా తల్లీ!"

"నవంబరు పద్దెనిమిదిన కాల్చాం బాబాయ్. వ్యాసంలో ఉంది."

"వ్యాసంలో ఉంటే ఉండనీ, నా పుస్తకంలో ఉందా చూద్దాం." సొరుగులోంచి అట్ట ఊడిపోయిన కొలిమి పుస్తకం తీశాడు. వేలు తడి చేసుకుని పేజీలు తిప్పాడు. "ఇదిగో. నవంబరు పన్నెండు. లోపలి కరెంటు తీగ కాలిపోయింది. కొత్త తీగ వచ్చింది డిసెంబరు ఒకటిన. ఆ ఇరవై రోజులూ దీని మీద టీ నీళ్ళు కూడా కాగలేదు. నేనేమో రోజూ వచ్చి ఈగలు తోలుకున్నాను."

అతను నవ్వాడు. దోర్సాఫ్ నవ్వకపోయేసరికి ఆపేశాడు.

"ఏమ్మా, మంచినీళ్ళు తాగుతావా?"

వ్యాసం పంపింది నవంబరు ఇరవై అయిదున. కొలిమి చల్లగా ఉన్న రోజుల్లో కాలిన గొట్టాలు. ఎవరూ పోయని నల్లనీళ్ళు. ఎవరూ కొలవని తేటదనం.

ఆ అంకెలు టైపు చేసింది తన వేళ్ళే.

* * *

ఇంటికి వచ్చేసరికి షెద్లియా పెరట్లో బాదం చెట్టు కింద పీట వేసుకుని పచ్చి బఠానీ ఒలుస్తోంది. దోర్సాఫ్ సంచీ కూడా దించకుండా ఆమె ముందు చతికిలబడింది.

"అత్తయ్యా, ఒకటే అడుగుతాను. నాకు జ్వరం వచ్చిన మంగళవారం గేటు తీసుకుని ఎవరొచ్చారు?"

షెద్లియా చేతిలో కాయ పగిలింది. గింజలు గిన్నెలో పడలేదు, నేల మీద పడ్డాయి. ఆమె ఏరలేదు.

"ఎందుకమ్మా ఇప్పుడు?"

"నిన్న అందరి ముందూ గేటు చప్పుడు విన్నానన్నాను. మీరు కాదనలేదు, అవుననలేదు."

షెద్లియా మరో రెండు కాయలు ఒలిచింది. పక్కింటి రేడియోలో ఎవరో చేపల ధరలు చెబుతున్నారు.

"వచ్చాడు" అంది షెద్లియా చివరికి, తలెత్తకుండా. "పదింటికి వచ్చాడు. ఏరా ఈ వేళప్పుడు వచ్చావంటే, దోర్సాఫ్‌ని చూద్దామని వచ్చానన్నాడు. పిల్ల మీద ఎంత ప్రేమో అనుకున్నాను. ముందుగదిలోనే అరగంట కూర్చున్నాడు. ఏదో నోటుబుక్కు చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు." ఆగింది. "నీ గదిలోకి మాత్రం రాలేదు."

"నిన్న చెప్పలేదేం అత్తయ్యా?"

"వాడు ప్రయోగశాలలో ఉన్నానని నోటితో అన్నాక, కాదురా అని నేనెట్లా అనను? కన్నాను గదా!" షెద్లియా కళ్ళు ఎర్రబడ్డాయి. "నువ్వు రాయలేదని నాకు తెలుసు. వాడెందుకు రాశాడో తెలియలేదు. అది తెలిసేదాకా నోరు మూసుకుందామనుకున్నాను."

"నోరు మూసుకోలేదు మీరు. నిజం చెప్పమని వంటింట్లో నన్ను అడిగారు."

షెద్లియా వంగి నేల మీది గింజలు ఒక్కొక్కటే ఏరడం మొదలుపెట్టింది.

* * *

నాలుగు గంటలకి లస్సాద్ వచ్చాడు. దోర్సాఫ్ మేడ మీద ఆరిన బట్టలు తీస్తోంది. అతను మెట్లెక్కి వచ్చి గోడకి ఆనుకుని నిలబడ్డాడు. కొలిమి పుస్తకం సంగతి హ్మీదా ఫోనులో చెప్పేసినట్టుంది. అతని మొహం చూడగానే తెలిసిపోయింది.

"నేను నిన్ను అనలేదు" అన్నాడు.

"అనలేదు. అననిచ్చావు."

"దోర్సాఫ్, విను. ఒక్క వరస. ఒక్కటే. కొలిమి పాడయింది, గడువు ముంచుకొచ్చింది. తీగ రాగానే నిజంగానే కాలుద్దామనుకున్నాను. కాల్చాను కూడా, జనవరిలో ఒక రాత్రి హ్మీదా లేకుండా, నువ్వు మీ అమ్మ దగ్గరికి వెళ్ళినప్పుడు. ఆ మట్టి ఇక దొరకలేదు. వేరే మట్టితో రాలేదు. అచ్చయిపోయాక ఏం చేయను?"

"అందుకని తప్పుకున్నావు."

"హిసనాగా ఆ గొట్టాలే తెమ్మన్నాడు. నేను తప్పుకుంటే ఆ మాట అక్కడితో పోతుందనుకున్నాను. జాబితాలో నా తరవాతి పేరు నీదని నాకేం తెలుసు?"

"తెలిశాక? మూడు వారాలయింది లస్సాద్! షర్బత్ పోశావు. నా పెట్టె తాళం బాగుచేయించావు. పద్నాలుగో వరస తీసుకుని నేను విమానం ఎక్కుతానని తెలిసి కూడా ఒక్క మాట అనలేదు."

"అనబోయాను. నువ్వు అంత సంతోషంగా ఉంటే..." ఆగిపోయాడు. దగ్గరికి వచ్చి, ఆమె చేతిలో దుప్పటి రెండో కొస పట్టుకున్నాడు, ఎప్పుడూ మడతపెట్టేటప్పుడు పట్టుకున్నట్టే. "గొట్టాలు దారిలో పగిలిపోయాయని చెప్పు. నోటుబుక్కు ఇల్లు సర్దుతుంటే పోయిందని చెప్పు. వాళ్ళ కొలిమిలో కొత్తవి కాల్చుకుంటావు. ఎవరికీ ఏమీ కాదు."

"నోటుబుక్కు ఎక్కడుంది?"

అతను దుప్పటి కొసని మరో మడత పెట్టాడు.

"కాల్చేశావా?"

"ఇప్పుడది లేదు" అన్నాడు. "వ్యాసం మీద నీ పేరు కూడా ఉంది, మరిచిపోకు."

దోర్సాఫ్ తన కొస వదిలేసింది. దుప్పటి సగం నేల మీద పడింది.

"హిసనాగా గారికి ఇవాళే రాస్తాను. మేడమ్‌కి కూడా. పద్నాలుగో వరస లేదని రాస్తాను. నేను వెళ్ళకపోయినా సరే."

"నా చదువు పోతుంది."

"నాది కూడా పోవచ్చు."

అతను చాలాసేపు ఆమెనే చూశాడు. కోపంగా చూసినా బాగుండేది. లెక్క వేస్తున్నట్టు చూశాడు. "సరే" అన్నాడు. "అయితే నా దారి నేను చూసుకుంటాను."

కాసేపటికి కింద మోటారు సైకిలు చప్పుడు వినబడింది.

* * *

దోర్సాఫ్ ముందుగది కంప్యూటర్ ముందు కూర్చుని రాసింది. చెరిపింది. మళ్ళీ రాసింది. 'ఆ అంకెలు నా భర్త' అన్న చోట చేయి ఆగిపోయింది. అతను అంకెలు చదువుతున్నప్పుడు తను ఎందుకు అడగలేదు? ఆ వారం కొలిమి గదివైపే వెళ్ళలేదని, గొట్టాలు తన చేత్తో తాకలేదని అప్పుడు తట్టలేదా? తట్టింది. నమ్మకం అనుకుంది. ఆ సంగతి కూడా రాసింది.

పంపే ముందు మరోసారి చదువుతుంటే ఫోను మోగింది. రౌదా మేడమ్.

వీదెద్ అప్పుడే గదిలోకి వచ్చింది. వెనకే షెద్లియా, బఠానీ గిన్నెతో. ఇద్దరికీ వినబడాలని దోర్సాఫ్ ఫోను గొంతు పెంచి బల్ల మీద పెట్టింది. దాచుకునేదేం లేదనుకుంది.

"దోర్సాఫ్, లస్సాద్ మా ఇంట్లో నా ఎదురుగా కూర్చుని ఉన్నాడు" అంది మేడమ్. ఆమె గొంతులో ఎప్పుడూ ఉండే చనువు లేదు. "పద్నాలుగో వరస అంకెలు కల్పించినవని చెబుతున్నాడు. ఆ లెక్కలన్నీ నువ్వే చేశావట. దస్త్రం నీ కంప్యూటర్లోనే ఉందట. తను వెళ్తే అది జపానులో బయటపడుతుందని, జ్వరం వంకతో ఇంట్లో ఉండిపోయి తన పేరు మీద ఆ ఉత్తరం నువ్వే రాశావట. వింటున్నావా?"

దోర్సాఫ్ ఫోనుని ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.

"ఏ అంకెలు? ఏమంటున్నాడు వాడు?" అంది వీదెద్.

"అబద్ధం మేడమ్" అంది దోర్సాఫ్. "ఆ ఉత్తరం రాసింది అతనే. ఆ మంగళవారం అతను ఇంటికొచ్చాడు."

"తను ఆ రోజంతా ప్రయోగశాలలోనే ఉన్నానంటున్నాడు. సోమవారం పొద్దున నేను కమిటీకి ఏదో ఒకటి రాసివ్వాలి. అతను ఇంటికి రావడం చూసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

దోర్సాఫ్ అత్తగారి వైపు తిరగలేదు. తిరిగితే అడిగినట్టవుతుంది. కన్నాను గదా అన్న మనిషిని ఏమని అడగాలి? తెర మీద తను రాసిన ఉత్తరం కేసి చూస్తూ కూర్చుంది.

"అమ్మా?" అంది వీదెద్. తల్లి మొహంలో ఆమెకి ఏం కనిపించిందో, గొంతు సన్నబడింది. "అమ్మా, నువ్వు చూశావా?"

షెద్లియా గిన్నె కిటికీ గట్టు మీద పెట్టింది. చేతులు రెండూ తలగుడ్డ కొంగుకి తుడుచుకుంది. ఫోను దగ్గరికి వచ్చి వంగింది, చెవుడు ఉన్నవాళ్ళతో మాట్లాడేటట్టు.

"మేడమ్, నేను లస్సాద్ తల్లిని" అంది.

అవతల కుర్చీ జరిగిన చప్పుడు. "అమ్మా, నువ్వు పెట్టెయ్యి ఫోను!" లస్సాద్ గొంతు.

షెద్లియా పెట్టెయ్యలేదు. కానీ తరవాతి మాట కోసం ముగ్గురూ ఎదురుచూస్తుండగా, ఆమె చేయి తనకి తెలియకుండానే దోర్సాఫ్ భుజాన్ని వెతికి పట్టుకుంది. "ఆ మంగళవారం పదింటికి వాడు ఇంటికొచ్చాడు" అంది.